గంగులప్ప రాసిన జీడీ

గంగులప్ప మిలిటరీ నుంచి పోలీసులోకి వచ్చింది ఉద్యోగం కోసం కాదు. ఒక మనిషి కోసం వచ్చాడు. ఆ మనిషి మా స్టేషన్లో ఉన్నాడు. ఇది మొదటే చెప్పేస్తున్నాను. ఆయన గురించి మదనపల్లెలో రకరకాలుగా చెప్పుకుంటారు, తాగుడని కొందరు, మిలిటరీ పిచ్చి అని కొందరు. ఆ మాటలన్నవాళ్ళెవరూ ఆయనతో ఒక్క రోజు డ్యూటీ చేసినవాళ్ళు కారు. నేను చేశాను. నా పేరు గంగాధరం. ఆ స్టేషన్లో రైటరుని, అంటే కాగితాలూ రికార్డులూ చూసే కానిస్టేబుల్ని.

స్టేషన్ పేరు రాయను. పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ రోడ్డు పక్కనే ఉండేది. బస్సులో పోతూ మీరు చూసే ఉంటారు, చూసి మొహం తిప్పుకునే ఉంటారు. దానికి మూడు మైళ్ళ లోపలి పల్లె గంగులప్పది. తండ్రి మునెప్ప కూలి చేసి బతికిన మనిషి. సర్కారు పట్టా ఇచ్చిన రెండెకరాల మెట్ట ఉండేది. 1991లో పక్క పొలం ఆసామి గట్టు రాళ్ళు పెరికి నాలుగు బారలు లోపలికి జరిపాడు. మునెప్ప కంప్లైంటు ఇవ్వడానికి స్టేషనుకు రెండుసార్లు వచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ దేవరాజులు రెండుసార్లూ కాగితం ముట్టుకోకుండా పంపేశాడు.

కొడుకు అప్పటికి జమ్మూ దగ్గరెక్కడో హవల్దారు. తండ్రి రాయించిన ఉత్తరం తీసుకుపోయి తన పై అధికారికి చూపించాడు. మిలిటరీలో ఒక పద్ధతి ఉంది. జవానుకు ఊళ్ళో కష్టం వస్తే ఆ అధికారి జిల్లా కలెక్టరుకు జాబు రాస్తాడు. స్థానిక పోలీసులు ఈ జవాను తండ్రి ఫిర్యాదు తీసుకోవడం లేదు, దయచేసి చూడగలరు అని చక్కటి ఇంగ్లీషులో రాశాడు. ఆ జాబు కలెక్టరు ఆఫీసులో ఒక ముద్ర వేయించుకుని, మండలాఫీసులో ఇంకో ముద్ర వేయించుకుని, 'తగు చర్య నిమిత్తం' అని ఎర్ర సిరా రాతతో నేరుగా దేవరాజులు బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఎవరి మీద రాశారో వాడి చేతికే ఇవ్వడం మన సర్కారు తెలివి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

దేవరాజులు మునెప్పకు కబురు పెట్టాడు. కొడుకు కాగితం పనిచేసిందనుకుని మునెప్ప ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని లోపలికి అడుగు పెట్టాడు.

"ఏం మునెప్పా, కొడుకు మిలిటరీలో ఉండాడని నా పైన కలెక్టరుకే రాపిస్తావా? ఇంత పెద్దోడివి ఎప్పుడైతివప్పా?"

అరికాళ్ళ మీద కొట్టడం దేవరాజులుకు అలవాటు. గుర్తులు కనబడవు. మనిషి తన కాళ్ళ మీదే ఇంటికి పోతాడు, ఎట్లా పోయాడన్నది ఎవరూ అడగరు. ఆ రోజు మునెప్ప మూడు మైళ్ళూ చెప్పులు చేత్తో పట్టుకుని పోయాడు.

ఐదు నెలలకు గంగులప్ప సెలవు మీద వచ్చాడు. తండ్రి చాప మీద కూర్చుని కాళ్ళు దుప్పట్లో దాచుకున్నాడు. "నీ కాగితం శానా బాగా పనిచేసిందప్పా. పిలిపించి మర్యాదగా మాట్లాడినారు" అన్నాడు. అసలు సంగతి చెప్పింది గంగులప్ప భార్య ఆదిలక్ష్మమ్మ. నలభై రోజులు ఆముదం కాచి ఆ అరికాళ్ళకు పట్టించింది ఆమే. గంగులప్ప ఆ పూట అన్నం ముట్టలేదు. తను రాయించిన జాబే తండ్రి కాళ్ళు విరగ్గొట్టింది. మునెప్ప మళ్ళీ పొలంలో సరిగ్గా నిలబడింది లేదు. 1994లో పోయాడు.

అప్పుడే పోయి దేవరాజులు మెడ విరవొచ్చు కదా అని తర్వాత నేను అడిగాను. "విరిస్తే ఏమైతాదప్పా? నన్ను జైల్లో పెడతారు, వానికి దండలేస్తారు. వాడు ఏ కుర్చీలో కూర్చోని కొట్టినాడో ఆ కుర్చీ కాడికే నేను పోవాల" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పెరగలేదు. అందుకే నాకు భయం వేసింది.

1996లో పదిహేడేళ్ళ సర్వీసు ముగించుకుని వచ్చాడు. మదనపల్లెలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. బ్యాంకులో గార్డు ఉద్యోగం సిద్ధంగా ఉంది. నీడపట్టున కూర్చుని తుపాకీ ఒళ్ళో పెట్టుకుంటే చాలు. ఆయన మాజీ సైనికుల కోటాలో కానిస్టేబులుకు దరఖాస్తు పెట్టాడు. ముప్పయ్యేడేళ్ళ వయసులో ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళతో పోటీపడి మైలున్నర పరిగెత్తాడు. మిలిటరీలో నలభై మందికి ఆర్డర్లు ఇచ్చిన మనిషి, మీసాలు సరిగ్గా రాని ఎస్సైలకు సెల్యూట్ కొట్టడం మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మ ఒకటే మాట అంది. "మామ కాళ్ళకు ఆముదం రాసిన సేతులివి. పోలీసోళ్ళ గుడ్డలు నేను ఉతకను." అన్నట్టే ఉతకలేదు. సర్వీసంతా ఆయన ఖాకీ బట్టలు ఆయనే ఉతుక్కున్నాడు.

మొదటి పోస్టింగు కుప్పం. రెండేళ్ళు అక్కడ బార్డరు చెక్‌పోస్టులో లారీలు ఆపుతూ, తమిళమూ కన్నడమూ కలిపి తిట్లు తింటూ పనిచేశాడు. తర్వాత మా స్టేషనుకు బదిలీ కావాలని అర్జీ పెట్టుకున్నాడు. మా స్టేషన్ కావాలని ఎవరూ అడగరు. పై ఆఫీసువాళ్ళు ఆశ్చర్యపోయి వెంటనే ఇచ్చేశారు.

ఆయన వచ్చేసరికి దేవరాజులు ఏఎస్సై అయ్యాడు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. చక్కెర జబ్బు, బాన పొట్ట, నవ్వు మొహం. నిజం చెబితే మీకు కోపం రావొచ్చు గానీ, దేవరాజులు మాలో ఎవరికైనా ఇంట్లో కష్టమొస్తే ముందు నిలబడే మనిషి. గంగులప్ప ఎవరి కొడుకో ఆయనకు తెలియదు. "మిలిటరీ, రాప్పా, బోండా తిను" అని తన పొట్లంలోది సగం ఇచ్చేవాడు. గంగులప్ప అటెన్షన్లో నిలబడి "థాంక్యూ సార్" అని తీసుకునేవాడు. తినేవాడు కూడా. పగ ఉన్న మనిషి అంత నిమ్మళంగా బోండా నమలడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక జీడీ సంగతి. జనరల్ డైరీ అని ప్రతి స్టేషన్లో ఒక పుస్తకం ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరిని తెచ్చారు, ఏ గంటకు ఏం జరిగింది, అన్నీ అందులో రాయాలి. పేజీలకు అచ్చు నంబర్లుంటాయి, చించడానికి లేదు. రోజూ ఒక కాపీ సర్కిల్ ఆఫీసుకు పోవాలి. మేం చేసేది ఏంటంటే, పగలంతా జరగనిచ్చి, సాయంత్రం కూర్చుని అందరికీ క్షేమంగా ఉండేట్టు ఒక్కసారే రాసేవాళ్ళం. గంగులప్ప మొదటి రోజే ఎప్పటిదప్పుడు రాయబోయాడు. నేను ఆపి, "అన్నా, జీడీ అంటే జరిగింది రాసేది కాదు, జరగాల్సింది రాసేది" అని పాఠం చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.

నెల తర్వాత 1991 జీడీ కావాలని అడిగాడు. పాత రికార్డు తగలబెట్టమని తాకీదు వచ్చినా మా బద్ధకం వల్ల మిగిలిపోయిన పుస్తకం అది. ఎందుకన్నా అంటే మొత్తం చెప్పాడు, ఇప్పటిదాకా నేను మీకు చెప్పిందంతా. నేనే బీరువా తెరిచి, దుమ్ము దులిపి, ఆ తేదీ, ఆ పేజీ తీసి, ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాను. దేవరాజులు చేతిరాత. 'మునెప్ప అను వ్యక్తిని పిలిపించి విచారించి, మంచి మాటలు చెప్పి పంపించడమైనది.'

గంగులప్ప ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "కొట్టినాడు, సరే. అది నాకు తెల్సు. ఇది సూడప్పా గంగాధరం. మంచి మాటలంట! మా నాయన కాళ్ళు ఈ పుస్తకంలో యాడా లేవు" అన్నాడు. కాసేపటికి పుస్తకం మూసి నాకిచ్చాడు. "నేను వాణ్ణి సేత్తో ముట్టను. వాడు ఏ పుస్తకంలో దాంకున్నాడో ఆ పుస్తకంలోనే పట్టుకుంటా."

అప్పటినుంచి కాచుకున్నాడు. దేవరాజులు ఒకణ్ణి కొట్టాలి, ఆ సమయానికి జీడీ బల్ల దగ్గర గంగులప్ప ఉండాలి. రెండూ కలిసి రావాలి. చిక్కేమిటంటే దేవరాజులు మెత్తబడ్డాడు. చక్కెర జబ్బుతో చెయ్యి ఎత్తే ఓపిక తగ్గింది. ఎవరినైనా తెస్తే నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తున్నాడు. నెలలు గడిచేకొద్దీ గంగులప్ప మొహం నల్లబడింది. "కొట్టకుండానే రిటైరైతాడేమో అప్పా" అని ఒకరోజు నా దగ్గర బాధపడ్డాడు. విని నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

2001 మే నెల. దేవరాజులుకు ఇంకా నాలుగు నెలల సర్వీసుంది. ఒక ఆసామి బావి దగ్గర మోటారు పోయిందని కంప్లైంటు వచ్చింది. ఆ పక్క మామిడి తోపులో కాపలా ఉండే చెంగల్రాయుడు అనే ముసలాయన మీద అనుమానం అన్నారు. కలకడ వైపు నుంచి పనికి వచ్చిన మనిషి, అరవై ఐదేళ్ళుంటాయి. ఎస్సై పుంగనూరు బందోబస్తుకు పోయాడు. నేను మదనపల్లె కోర్టు డ్యూటీలో ఉన్నాను. జీడీ బల్ల దగ్గర గంగులప్ప కూర్చున్నాడు. ఆ రోజు ఎండకో, ఆసామి పోరుకో, దేవరాజులుకు పాత కోపం లేచింది.

నేను సాయంత్రం బస్సు దిగి వచ్చి పుస్తకం తెరిచాను. మిలిటరీ వాచీ లెక్కతో రాసి ఉంది. '15.10. చెంగల్రాయుడు అను వృద్ధుని ఏఎస్సై దేవరాజులు గారు నేల మీద కూర్చుండబెట్టి అరికాళ్ళ మీద లాఠీతో కొట్టుట ఆరంభించినారు. 15.14. వృద్ధుడు మంచినీరు అడిగినాడు. ఇవ్వలేదు. 15.17. వృద్ధుడు కేకలు వేసినాడు. 15.22. కొట్టుట ఆపినారు. 15.40. వృద్ధుని వైద్య పరీక్ష నిమిత్తం ప్రభుత్వ ఆసుపత్రికి నేనే తీసుకొనిపోయినాను.' కింద సంతకం, నంబరు.

"ఏందన్నా ఇది! కాపీ యాడ?" అన్నాను.

"తపాలులో సర్కిల్ ఆఫీసుకు పంపించినా. డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతచేసినా." మునెప్ప పోయిన తర్వాత గంగులప్ప మొహంలో వెలుగు ఆ రోజే చూసి ఉంటుంది ఆదిలక్ష్మమ్మ.

దేవరాజులు సస్పెండయ్యాడు. పదిరోజుల తర్వాత ఉదయం పూట స్టేషన్ వరండాలోకి వచ్చాడు. యూనిఫాం లేకుండా ఆయన్ని మొదటిసారి చూశాను. గళ్ళ చొక్కాలో ఎవరింటి తాతో అన్నట్టున్నాడు. తిట్టలేదు. "మిలిటరీ, నేను నీకేం అన్యాయం చేసినానప్పా? నిన్ను నా తమ్ముని మాదిరి సూసుకుంటి కదా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న కోసమే గంగులప్ప పదేళ్ళు ఆగింది. లేచి నిలబడి, తండ్రి పేరు, పల్లె పేరు, తేదీ చెప్పాడు.

దేవరాజులు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఏ మునెప్ప? ఈ పక్క మునెప్పలు శానామంది ఉండారు కదప్పా."

గంగులప్ప పాత జీడీ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. దేవరాజులు కళ్ళద్దాలు పెట్టుకుని తన రాత తనే చదువుకున్నాడు. చదివాక ఆయన మొహం తేటపడింది. "మంచి మాటలు చెప్పి పంపించినా అని ఉండాది కదప్పా. కొట్టినట్టు ఈడ లేదే" అన్నాడు. నటన కాదు. తను రాసిన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. గంగులప్ప పిడికిలి బిగుసుకోవడం చూసి నేను మధ్యలోకి పోయాను. అవసరం రాలేదు. గంగులప్ప పుస్తకం లాక్కుని లోపలికి పోయాడు. గెలిచిన మనిషి నడక కాదు అది.

విచారణ మదనపల్లెలో జరిగింది. విచారణ అధికారి నెమ్మదైన మనిషి. నా అక్షరం బాగుంటుందని స్టేట్‌మెంట్లు రాయడానికి నన్నే కూర్చోబెట్టారు. చెంగల్రాయుడు మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. ఎవరు కొట్టారని అడిగితే దేవరాజులు వైపు చెయ్యి చూపించాడు. గంగులప్ప ఊపిరి వదలడం నాకు వినిపించింది. అంతటితో అయిపోవాల్సింది.

"అప్పుడు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అధికారి మామూలుగా అడిగాడు.

ముసలాయన చెయ్యి గంగులప్ప వైపు తిరిగింది. "ఈయప్ప ఉండె సామీ. బల్ల కాడ కూర్చోనుండె. అప్పా, నన్ను ఇడిపించప్పా అని మొక్కితి. ఈయప్ప తలకాయెత్తి గడియారం సూసె. మళ్ళీ రాసుకుండె. కొట్టినాయప్పకు కోపముండె, ఏదో కొట్టె. ఈయప్పకు నా పైన కోపం గూడా లేదు కదా సామీ. యాల ఊరకుండె?"

అధికారి జీడీ పేజీ తిప్పి, ఆ టైములన్నీ ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ పోయాడు. పన్నెండు నిమిషాలు. బల్లకూ ముసలాయనకూ మధ్య ఆరడుగులు.

"సీనియర్ అధికారి కదా, నువ్వు కింది ఉద్యోగివి. ఆపలేకపోయావు. అంతేనా?" అన్నాడు అధికారి. ఆయనకు గంగులప్పను కాపాడాలనే ఉంది. నా వైపు తిరిగి, "రాసుకో. 'పై అధికారి అయినందున నేను ఆపలేకపోయినాను'" అన్నాడు.

నేను రాయడం మొదలుపెట్టాను.

"అట్ల కాదు సార్" అన్నాడు గంగులప్ప. "మిలిటరీలో ఇట్లాంటి మనుషుల్ని ఇద్దర్ని ఒక్కసేత్తో పక్కకు లాగినా. నేను ఆపగల్ను. ఆపితే రాసుకునేదానికి ఏం ఉండదని ఊరకుంటి. 'ఆపలేదు' అని రాపించండి."

అధికారి రెండోసారి చెప్పి చూశాడు, ఆ ఒక్క మాటకు ఉద్యోగంలో ఏం పోతుందో విడమరిచి చెప్పాడు. గంగులప్ప అటెన్షన్లో నిలబడి అదే మాట చెప్పాడు. నేను కొట్టేసి 'ఆపలేదు' అని రాశాను. ఆయన సంతకం చేశాడు. దేవరాజులుకు పెన్షన్లో కోత పడింది. గంగులప్పకు ఇంక్రిమెంట్లు ఆగాయి, ప్రమోషన్ లిస్టులోంచి పేరు ఎగిరిపోయింది, మళ్ళీ కుప్పం బదిలీ అయింది.

బదిలీ మీద పోయేరోజు నేను మదనపల్లె బస్టాండు దాకా పోయాను. "ఒక్క మాట మారిస్తే నీ సొమ్మేం పోయింది?" అని కోప్పడ్డాను. ఆయన పెట్టె మీద కూర్చున్నాడు.

"మా నాయన్ని కొట్టిన పొద్దు ఆడ దేవరాజులు ఒక్కడే ఉండె అనుకుంటి. కొట్టినోని ఎనకాలే పదేండ్లు తిరిగితి. సూస్తా నిలబడినోళ్ళు ఎవరని అడగనే లేదు. ఆ పొద్దు డ్యూటీ పేర్లు జీడీలో ఉంటాయి కదా?"

"ఉంటాయి. ముందు పేజీలో" అన్నాను. పుస్తకం తీసి ఇచ్చిననాడు ఆ పేజీ నేను తిప్పలేదు.

ఆయన తల ఎత్తాడు. "ఎవరుండె గంగాధరం?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ మనిషికి చెప్పబుద్ధి కాలేదు. "నేనుంటి అన్నా. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మీ నాయనకు నీళ్ళిచ్చింది నేనే."

"ఎప్పుడిస్తివి?"

"కొట్టేది అయిపోయినాక."

కుప్పం బస్సు వచ్చింది. ఆయన పెట్టె తీసుకుని ఎక్కి, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

మూడో వారం సర్కిల్ ఆఫీసునుంచి నాకు పిలుపు వచ్చింది. కుప్పం నుంచి గంగులప్ప అర్జీ పంపాడు. 1991లో ఫలానా తేదీన తన తండ్రిని కొడుతుండగా కానిస్టేబుల్ గంగాధరం చూస్తూ నిలబడినాడని, ఆపలేదని, విచారించి తగు చర్య తీసుకోవాలని. ఒక్క అక్షరం తప్పు లేదు. చదివి నాకు ఆయన మీద పిచ్చి కోపం వచ్చింది. ఆయనకు నేను స్నేహితుణ్ణి అనుకున్నాను.

అదే అధికారి, అదే గది. "పదేళ్ళ కిందటి మాట. కొత్త పిల్లాడివి. ఆపలేకపోయావు, అంతే కదా?" అన్నాడు.

"అంతే సార్" అన్నాను.

పక్కనున్న కానిస్టేబులు 'ఆపలేకపోయినాను' అని రాశాడు. చదివి, సంతకం పెట్టాను. మరుసటి ఏడు నాకు హెడ్ కానిస్టేబులుగా ప్రమోషన్ వచ్చింది.